కింది అర

ముగ్గురు రాజుల పండుగ నిన్నటితో సరి.
తలుపు మీద సుద్దతో రాసిన అక్షరాలు
ఏడాదంతా ఉంటాయి, వాటికేం.
చెట్టుకే గడువు.
నేల నిండా ఎండిన సూదులు, నా మేజోళ్ళ నిండా అవే.

ఒటకార్ స్టూలెక్కి ఒక్కొక్కటే దించుతున్నాడు.
నేను దోసిలి పట్టి కింద నిలబడ్డాను,
చూరు కింద చినుకు పట్టే పిల్లలా.

నలభై ఏళ్ళు ఊపిరి పోసి గాజు ఊదినవాడు.
బర్నర్ల హోరు అతని చెవుల్ని
కొంచెం కొంచెంగా కొరుక్కు తినేసింది.
ఇప్పుడు నేను కేకేస్తే
ముందు పిల్లి తిరిగి చూస్తుంది,
తర్వాత అతను.

సర్దడానికి మా ఇంట్లో ఒక శాస్త్రం ఉంది.
అతని తల్లి మా ఇద్దరినీ కలిపి తిట్టి నేర్పింది.
కొక్కేలు ముందు తీసెయ్యాలి, పక్కదాన్ని గీరుతాయి.
పూసల దండ చుట్టకూడదు,
అట్ట మీద పరిచి నాలుగుచోట్ల దారంతో కుట్టాలి.
పక్షి తోకకి దూదే. కాగితం పీచు లాగేస్తుంది.
నిన్నటి పేపరు పనికిరాదు, సిరా వెండిపూతకి అంటుకుంటుంది;
ఆవకాయలా అదీ కొన్నాళ్ళు ఊరాలి.
అటక మీద వద్దు, ఎండాకాలం రేకు కాలుతుంది.
నేలమాళిగలో చెమ్మ.
కాబట్టి మా మంచం కింద,
నేను పడుకునే వైపు.

పెట్టెకి రెండు అరలు, అరకి ఇరవై నాలుగు గుంటలు.
ఒకప్పుడు చెట్టు కొస ఇంటికప్పుకి తగిలేది.
ఇప్పుడు తెచ్చేది బల్ల మీద నిలబడేంత,
పై అర ఒక్కటీ విప్పితే చాలు.

నీలం చేప దించి నా చేతిలో పెట్టాడు.
పనిలో చేరిన ఏడు అచ్చు లేకుండా ఊదింది,
ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది.
జారలేదు.
నా వేలు కొంచెం ఎక్కువ బిగిసింది, అంతే.

ఆ చప్పుడు ఇంట్లో నాకూ పిల్లికీ తెలిసింది.
అతను అటు తిరిగి కొసన ఉన్న చుక్క విప్పుతున్నాడు.

పెంకులు ఏప్రన్ జేబులో వేసుకున్నాను.
గుంట ఖాళీగా వదలకూడదు, పక్కవి కదులుతాయి.
పైగా అతను మూత వేసేముందు
వేలితో పై అర లెక్కపెడతాడు.
అందుకని కింది అర నుంచి ఒకటి పైకి తెద్దామని
అట్ట ఎత్తాను.

చేతికొచ్చింది బరువుగా ఉంది.
గాజు అలా ఉండదు.
పేపరు విప్పితే
అక్రోటుకాయ.

మా అమ్మ ఎర్ర పుట్టగొడుగు ఉండే గుంట అది.
పేపరులో ఏదో ఊరి హాకీ జట్టు ఓడిన వార్త,
పైన తేదీ.
ఐదేళ్ళ కిందటి జనవరి.
అప్పుడు నేను మోకాలు కోయించుకుని లీబెరెట్స్ ఆస్పత్రిలో ఉన్నాను.
ఒక్కడే సర్దాడు.

ఆ డిసెంబరు నుంచే కదా
"చిన్న చెట్టు చాలు బ్లాజెనా, నడుం పట్టేస్తోంది" అంటున్నాడు!
నేను ఆ నడుముకి ఆవాల కాపడం పెట్టాను,
ఐదు చలికాలాలు.

కాయని మళ్ళీ అదే పేపరులో చుట్టాను,
అవే మడతల మీదుగా.
పక్క గుంటలోని పసుపు గంటని పైకి చేర్చాను.
బల్ల మీద గిన్నెలో పండుగ అక్రోట్లు నాలుగు మిగిలాయి.
ఒకటి తీసి చుట్టి
దాని పక్కన దీన్ని పడుకోబెట్టాను.

అతను స్టూలు దిగి, లెక్కపెట్టి, మూత బిగించాడు.
"అన్నీ పట్టాయా?"
చెవిటివాళ్ళు అడిగినట్టే గట్టిగా అడిగాడు.
తల ఊపాను.
"వచ్చే ఏడు పెద్ద చెట్టు తెద్దామంటావేమో?"
నా మొహంకేసి చూడకుండా
పురికొస ముడి వేస్తున్నాడు.

"చిన్నదే," అన్నాను, పెదాలు చదివేలా నిదానంగా.
"నా మోకాలికి అదే నయం."

ఇద్దరం చెరో వైపు పట్టి మంచం కిందికి తోశాం.
గుంటకి కాయ చిన్నది కాబోలు,
లోపల ఏదో దొర్లింది.
పిల్లి చెవులు నిక్కించింది.